అంతరాయ సూక్తి: టీకా తాత్పర్య సహితం

మూలం: ప్రతికూల వాతావరణ పరిస్థితుల దృష్ట్యా ప్రసారాలకు తాత్కాలిక అంతరాయం ఏర్పడినది. సహకరించగలరు.

అవతారిక: ఏలూరులో మబ్బు కమ్మి నాలుగు చినుకులు రాలగానే మా టీవీ తెరపై వెలసే వాక్యమిది. కర్త అజ్ఞాతుడు. రీఛార్జి డబ్బు ముందే పుచ్చుకుంటాడు గనుక పరమజ్ఞాని.

టీక: "వాతావరణం", "ప్రసారాలు" సుబోధాలు, వదిలేస్తున్నాను. "ప్రతికూల" దగ్గర ఆగాలి. కూలమంటే గట్టు. గట్టును ఒరుసుకుంటూ పారేది కూలంకష. "కూలంకషంగా చర్చించాం" అని సభల్లో అంటున్నది ఆ ఏటినే. ప్రతికూలమంటే గట్టుకు ఎదురు. ఏ గట్టుకు? కొల్లేటివాడికి ఇక్కడే చిక్కు. కొల్లేరు సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వచ్చి పడతాయి. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. వానల్లో ఉబ్బి ఎండల్లో కుంగే సరస్సుకు గట్టెక్కడ? 1999లో సర్కారు అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమని గీత గీసింది. గీత లోపలి చేపల చెరువుల గట్లను 2006లో కొట్టేశారు. కూలేది కనుక కూలమని మా ఊరి వ్యుత్పత్తి, పాణిని ఒప్పుకోడు. అనవసరమైనది రాయనని వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. నేను పట్టలేదు.

ఇంతకీ టీవీ. "అంతరాయం" అంటే నడుమ వచ్చిపడేది. వాక్యం మొత్తంలో నిజం చెప్పిన పదం ఇదొక్కటే. 36 వేల కిలోమీటర్ల పైనున్న ఉపగ్రహం నుంచి నిక్షేపంగా దిగిన తరంగం ఆఖరి నాలుగైదు కిలోమీటర్ల వానలో చతికిలబడుతుంది. మా డిష్ పట్టే కేయూ బ్యాండ్ తరంగం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు, పెద్ద చినుకు నాలుగైదు మిల్లీమీటర్లు. ఆ దామాషాలో నీరు దాన్ని కొంత తాగేసి, కొంత పక్కలకు చిమ్ముతుంది. పైగా పెద్ద చినుకు గుండ్రంగా ఉండదు, గాలి అడుగున నొక్కి ఇడ్లీ చేస్తుంది. అందుకే అడ్డంగా ఊగే తరంగానికి దెబ్బ ఎక్కువ, నిలువుగా ఊగేదానికి తక్కువ. గూడెంలో మా బావగారి కేబులువాడిది పెద్ద గొడుగు, అది పట్టేది ఏడున్నర సెంటీమీటర్ల సీ బ్యాండ్. దానికి వాన లెక్కలోది కాదు. అక్కడ కరెంటు పోతుంది. అది వేరే ప్రకరణం.

అలంకారం: కాళిదాసు మేఘం సందేశం మోసింది, మాది మింగింది. విరోధం.

"తాత్కాలిక": ఆ కాలానికి చెందినది. ఏ కాలం? జూన్ నుంచి నవంబరు.

"సహకరించగలరు": సామర్థ్యార్థకం. ఏం చేసి? గొడుగేసుకుని మేడెక్కి డిష్ తుడవాలా? ఇంకాస్త పెద్ద డిష్ బిగిస్తే కొంత వానైనా తట్టుకునేది. ఆ సహకారం వాళ్లు చేయలేదు.

తాత్పర్యం: తుపాను ఎక్కడ తీరం దాటుతుందో తెలియాల్సిన రాత్రే తెర నల్లబడుతుంది. ఆ రాత్రి డబ్బు కూడా బాలెన్సులోంచి తెగుతుంది. మొన్న నాన్నగారు అటక మీది ట్రాన్సిస్టరు దింపి విజయవాడ పెట్టారు. మీడియం వేవ్ తరంగం పొడవు వందల మీటర్లు, చినుకు దాని కంటికి ఆనదు. మెరుపుల గరగరల్లోంచి వాయుగుండం మచిలీపట్నానికి ఎంత దూరంలో ఉందో వినబడింది.