కోత నాది, కుట్టు సూదిది

లోకంలో నాకు మంచి పేరు లేదు. "ఊరికే కత్తెర ఆడించకురా, ఇంట్లో గొడవలొస్తాయి" అని పిల్లల్ని కసురుతారు. చేతికి చెయ్యి తగిలేలా నన్ను అందించరు. కింద పెడితే రెండోవాళ్లు తీసుకుంటారు. పంజాబు వైపు ఒక కథ చెప్పుకుంటారు. సూఫీ గురువు బాబా ఫరీద్‌కి ఒక భక్తుడు కత్తెర కానుకగా తెచ్చాడట. విడదీసే వస్తువు నాకెందుకు, కలిపే సూది ఉంటే ఇవ్వమని ఆయన తిప్పి పంపాడట. అంతటి పెద్దాయన మాట కాదనేంతదాన్ని కాను. కానీ ఏళ్ల తరబడి సూదితో ఒకే రేకు డబ్బాలో కాపురం చేసినదాన్ని, నా వాదన నాకుంది. కోయకుండా కుట్టిన రవిక ఒక్కటి చూపించండి, నోరు మూసుకుని కూర్చుంటాను.

నేను పుట్టింది ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో. కత్తెరలు చేయడం ఆ ఊళ్లో తరతరాల వృత్తి. 2013లో మీరట్ కత్తెరకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పేరు గొప్పదే కానీ నా ఒంట్లో కొత్త లోహం లేదు. ఇప్పుడు నా బ్లేడ్లుగా ఉన్నవి ఒకప్పుడు లారీ కింద బరువు మోసిన స్ప్రింగు పట్టీలు. పిడి పాత ఇత్తడి సామాను కరిగించి పోసినది. తుక్కు దుకాణం నుంచి వచ్చిన ఇనుమును ఒకరు ఎర్రగా కాల్చి సుత్తితో సాగదీశారు, ఒకరు నీళ్లలో ముంచి గట్టిపరిచారు, మరొకరు సానరాయి మీద అరగదీశారు. అంతా నేనే చేశానని చెప్పుకోగల మనిషి ఒక్కరూ లేరు. పాతదాన్ని కోసి పనికొచ్చేలా చేయడం నాకు ఒకరు నేర్పిన విద్య కాదు. నా పుట్టుకే అది.

నా అసలు రహస్యం రెండు బ్లేడ్లనూ జోడించిన మేస్త్రీ చేతిలో ఉంది. మంచి కత్తెరను మూసి వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూడండి. మధ్యలో సన్నని సందు కనిపిస్తుంది. బ్లేడ్లు పూర్తిగా ఆనుకుని ఉండవు, లోపలికి కొద్దిగా వంపు తిరిగి ఉంటాయి. మూసేటప్పుడు ఏ క్షణంలోనైనా అవి ఒక్క చోటే ఒరుసుకుంటాయి. ఆ చోటు మర దగ్గర మొదలై మొన దాకా నడుస్తుంది. కోత అంటే ఆ నడకే. మర వదులైతే బ్లేడ్లు ఎడమై గుడ్డను నములుతాయి. ఇది తెలియనివాళ్లు "పదును పోయింది" అంటారు. చాలాసార్లు పోయింది పదును కాదు, మర బిగువు.

మీరట్‌లో కత్తెర గురించి ఒక సామెత ఉంది. తాత కొంటే మనవడు వాడతాడని. నా విషయంలో తాత లేడు, మనవడూ లేడు. బెజవాడ వన్‌టౌన్‌లో నన్ను కొన్నది అమ్మమ్మ. కుట్టు నేర్చుకుంటున్న రోజుల్లో, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, చీటీ డబ్బుల్లోంచి తీసి కొంది. ఇప్పుడు వాడుతున్నది మనవరాలు. ఆ మధ్యలో నడిచిన కాలమే నా కథ.

అమ్మమ్మ పెట్టిన మొదటి చట్టం, కాగితానికి నన్ను ఇవ్వకూడదు. పిల్లలకు అది పిసినారితనంలా కనిపించేది. కాగితం మెత్తనిదే కదా అనుకుంటారు. కానీ కాగితం నునుపుగా రావడానికి మిల్లులో తెల్లమట్టి, సుద్ద లాంటివి కలుపుతారు. ఆ పొడి నా అంచుకు గరుకు. రెండు పుస్తకాలకు అట్టలు వేశాక నన్ను పల్చటి మల్లు గుడ్డ మీద పెడితే మొన దగ్గర తెగకుండా జారిపోతాను. అందుకే అమ్మమ్మ నన్ను రవిక గుడ్డల అడుగున దాచేది. అయినా పెద్దబ్బాయి వెతికి తీసి పాల ప్యాకెట్లు కోశాడు, రేడియో వైరు కోశాడు. ఒకసారి రొయ్యల మీసాలు కూడా కత్తిరించాడు. ఆ వాసన గురించి సూది ఇప్పటికీ దెప్పుతుంది.

పదును పోతే సైకిలు మీద సాన పెట్టేవాడు వచ్చేవాడు. స్టాండు వేసి పెడలు తొక్కితే చక్రం తిరిగి నిప్పురవ్వలు లేచేవి. తెలిసినవాడైతే బ్లేడుకు బయటి ఏటవాలును మాత్రమే రాస్తాడు. లోపలి ముఖాన్ని ముట్టుకోడు. లోపలివైపు అరగదీస్తే ఆ వంపు పోతుంది, ఇక ఆ కత్తెరకు ఎంత పదును పెట్టినా తెగదు. గరుకు కాగితాన్ని ముక్కలుగా కోస్తే పదునొస్తుందని కొందరు చెబుతారు. అంచు మీద లేచిన ముళ్లు కొంత రాలతాయేమో కానీ అది సాన కాదు. మీ ఇంటి కత్తెరకు నెలకోసారి మర దగ్గర ఒక చుక్క మిషను నూనె వేసి, తుడిచి పెట్టండి. మాలో చాలామంది అడిగేది అంతే.

రెండో చట్టం చీర గురించి. చిరగని చీర మీద కత్తెర పెట్టకూడదు. చాలా ఇళ్లలో పూజకు కుట్టని గుడ్డే కట్టే ఆచారం ఉంది. చీర, పంచె నా సాయం లేకుండానే బట్టలైనవి, వాటి ముందు నాకు గర్వం లేదు. కానీ చిరిగాక అవి నా దగ్గరికే వస్తాయి. అయిదున్నర మీటర్ల చీర అంతా ఒకేలా పోదు. మడమలు తొక్కే కింది అంచు, కుచ్చిళ్లు దోపే నడుము భాగం ముందు చీకుతాయి. లోపలి చుట్టు, మిగతా మధ్య భాగం ఇంకా గట్టిగానే ఉంటాయి. అమ్మమ్మ చీరను కిటికీకి అడ్డంగా పట్టుకుని వెలుగులో చూసేది. పల్చబడిన చోటు సుద్దతో గుర్తు పెట్టి, దాన్ని వదిలేసి మిగతాది కోయమనేది. గట్టి ముక్కలు దిండు గలీబులయ్యేవి, తలుపు తెరలయ్యేవి. పల్చటివి ఒకదాని మీద ఒకటి పరిచి, దూరం దూరంగా టాకాలు వేస్తే బొంత అయ్యేది. జరీ అంచు ముందే తీసేసేది, అది పసిపిల్లల ఒంటికి గీసుకుంటుందని. మరీ చీకిన పీలికలను మూడు పాయలుగా జడ అల్లి, చుట్టలు చుట్టి కుడితే గుమ్మం ముందు పట్టా. ఆ ఇంట్లో ఒక చీర చచ్చిపోవడానికి చాలా ఏళ్లు పట్టేది.

నా చదువులో గట్టి పాఠం క్రాసు కోత. గుడ్డలో పడుగు నిలువుగా, పేక అడ్డంగా ఉంటుంది. ఆ పోగుల వెంట కోసిన పట్టీ సాగదు. పడుగుకూ పేకకూ మధ్య 45 డిగ్రీల ఏటవాలుగా కోస్తే అదే గుడ్డ రబ్బరులా సాగుతుంది. రవిక మెడకు వేసే పైపింగు పట్టీ ఎప్పుడూ క్రాసు పీసే కావాలి, లేకపోతే ఆ గుండ్రటి మెడ మీద ముడతలు పడుతుంది. మెడ కుట్టాక వంపు పొడవునా చిన్న చిన్న గాట్లు పెట్టాలి. అప్పుడే లోపలి గుడ్డ విచ్చుకుని మెడ చదునుగా తిరుగుతుంది. గాటు కుట్టు దాకా వెళ్లాలి, కుట్టును తాకకూడదు. నూలు పోగంత దూరంలో ఆగాలి. విడదీసే వస్తువని నన్ను తిట్టేవాళ్లు ఆ ఆగడాన్ని చూడరు.

ఆ తర్వాత ఇంట్లో రెడీమేడ్ బట్టలు నిండాయి. కొన్నేళ్లు నేను డబ్బాలోనే ఉన్నాను. 2020 ఏప్రిల్‌లో ఇంట్లో కుట్టిన మాస్కులు పెట్టుకోమని కేంద్రం చెప్పినప్పుడు మళ్లీ మూత తెరిచారు. పాత లుంగీలు, నూలు పంచెలు వరసలు వరసలుగా నా కిందికి వచ్చాయి. అప్పుడు మనవరాలు మొదటిసారి నన్ను పట్టుకుంది. ఆ తర్వాత వదల్లేదు.

ప్లాస్టిక్ సంచి మందం 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు ఉండాలని నిబంధన వచ్చింది. రైతు బజారుకు గుడ్డ సంచి పట్టుకెళ్లడం మళ్లీ మామూలయ్యేసరికి, మోకాలి దగ్గర చిరిగిన జీన్సు ప్యాంటుకు విలువ పెరిగింది. ప్యాంటు కాలిని మోకాలి కింద అడ్డంగా కోస్తే గొట్టం లాంటి ముక్క వస్తుంది. కంపెనీవాళ్లు పాదం దగ్గర కుట్టిన మడతే సంచికి మూతి, దాన్ని మళ్లీ కుట్టనక్కర్లేదు. తిరగేసి, కోసిన వైపు రెండు వరసలు కుడితే అడుగు. మూలలు రెండూ త్రికోణంగా లాగి అడ్డంగా కుట్టేస్తే కూర్చునే సంచి. పట్టీ తగిలించే చోట చతురస్రం కుట్టి, దాని లోపల ఇంటూ గుర్తు వేయాలి. అప్పుడు ఉల్లిపాయల బరువు ఒక్క కుట్టు మీద పడదు.

టీషర్టు నాకు కొత్త సరదా. అది నేసిన గుడ్డ కాదు, అల్లిన గుడ్డ. కోసిన అంచులో పోగులు ఊడవు. అడ్డంగా అంగుళం వెడల్పు పట్టీలు కోసి రెండు కొసలూ పట్టి లాగితే, తనంతట తానే చుట్టుకుని మెత్తటి తాడవుతుంది. మేడ మీది టమాటా మొక్కను కర్రకు కట్టడానికి ప్లాస్టిక్ తాడు కంటే ఇదే మేలు, కాండం కోసుకోదు. కర్రకూ కాండానికీ మధ్య 8 అంకెలా తిప్పి కట్టాలి, మొక్క లావెక్కడానికి చోటుండాలి. ఊరెళ్లేటప్పుడు గుడ్డ పట్టీ ఒక కొస ఎత్తున పెట్టిన నీళ్ల సీసాలో, రెండో కొస కుండీ మట్టిలో పెడితే నీరు పట్టీ వెంట నెమ్మదిగా దిగుతుంది. బియ్యం సంచీలో కొత్తిమీర, గోంగూర వేసుకోవచ్చు. మూతి రెండు మడతలు బయటికి మడిచి, అడుగున కాల్చిన మేకుతో చిల్లులు పెడితే చాలు. అయితే ఆ సంచి ఎండకు ఒకటి రెండేళ్లలో పొడిపొడిగా రాలుతుంది. ఆ పీచు మట్టిలో కలవకముందే మార్చేయాలి.

తోట పని పట్టీల వరకే నాకు ఇష్టం. గులాబీ కొమ్మల దగ్గరికి నన్ను తీసుకెళ్లబోతే అమ్మమ్మ కేకేసింది. కొమ్మలు కోసే కత్తెరకు పిడి పొడుగు, బ్లేడు పొట్టి. బలమంతా మర దగ్గరే పడుతుంది, గట్టి కొమ్మైనా తెగుతుంది. నా కొలతలు తలకిందులు. బ్లేడు పొడుగు, పిడి పొట్టి. ఒక్క కోతలో జానెడు గుడ్డ సాగిపోవాలి కదా.

మనవరాలి దృష్టి ఎక్కువగా అలంకారం మీదే. పాత ప్లాస్టిక్ గాజులు రెండు మూడు కలిపి అంటించి, ఫెవికాల్ రాసి, సిల్కు దారం పక్కపక్కనే చుట్టి పెళ్లిళ్లకు వేసుకెళ్తుంది. పెడన కలంకారీ ముక్కతో చొక్కా చిరుగుకు అతుకు వేస్తుంది. అతుకు మూలలు గుండ్రంగా కోయాలని నా పక్కన కూర్చునే తెలుసుకుంది, చదరపు మూల నాలుగు ఉతుకులకే లేచిపోతుంది.

ఒకరోజు ఇద్దరికీ వాదన వచ్చింది. బీరువాలోంచి పట్టుచీర తీసి, గౌను కుట్టుకుంటానంది మనవరాలు.

"చిరగని చీర మీద కత్తెర పెట్టకే తల్లీ. నేసినవాడు అయిదున్నర మీటర్లూ ఒక్కటిగా నేశాడు" అంది అమ్మమ్మ.

"నువ్వు కట్టవు, అమ్మ కట్టదు. ఇలా మడత పెట్టి ఉంచితే ఆ మడత దగ్గరే చీకిపోతుంది అమ్మమ్మా."

"అయితే మడత మార్చి పెట్టు. చీకినది ఇంకొకటుంది, అది తీసుకో."

ఇద్దరూ నిజమే చెప్పారు. జరీ చీరను ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంచితే ఆ గీత వెంటే తెగుతుంది. చివరికి మంచి చీరను విప్పి మడత మార్చి పెట్టారు. మడత దగ్గర తెగిన పాతదాని అంచు తీసి, నూలు లంగాకు కుట్టారు. ఆ అంచు కోస్తున్నప్పుడు నా పిడిలో వేళ్లు మనవరాలివి, గుడ్డ పట్టుకున్న చేతులు అమ్మమ్మవి.

మా వృత్తిలో సూది నాకంటే చాలా పెద్దది. ఎముక సూదులు 40,000 ఏళ్లకు ముందే ఉన్నాయి. రెండు బ్లేడ్ల కత్తెరకు అంత వయసు లేదు. అయినా ఆ సూది తోలు కుట్టాలంటే ముందు ఎవరో రాతి అంచుతో ఆ తోలును కోసే ఉంటారు. నా పూర్వీకుడు ఆ రాయి. కోత లేని కుట్టు అప్పుడూ లేదు.

తేడా ఒక్కటే. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కోత తప్పితే వెనక్కి రాదు. అందుకే ఇంట్లో ఏదైనా చేసుకోవాలని మొదలుపెట్టేవాళ్లు నా దగ్గరే ఆగిపోతారు. వీడియోలో పది సెకన్లలో అయిపోయిన కోత చూసి కొత్త గుడ్డ, కొత్త లేసు, కొత్త జిగురు కొంటారు. ఖరీదైన గుడ్డ మీద చెయ్యి వణుకుతుంది, సామానంతా అటకెక్కుతుంది. మనవరాలు అలా చేయలేదు. ముందు పాత న్యూస్‌పేపరు మీద కొలతలు గీసి కోసింది, దానికి వేరే చవక కత్తెర ఉంది. తర్వాత చిరిగిన లుంగీ మీద, ఆ తర్వాత పాత దుప్పటి మీద. పోయేదేమీ లేని గుడ్డ మీద చెయ్యి వణకదు. ధైర్యం కుదిరాకే మంచి గుడ్డ ముట్టుకోవాలి. అందుకే ఇంట్లో చిరిగిన బట్ట ఉంటే వెంటనే పారేయకండి. కోత నేర్చుకోవడానికి అంతకంటే మంచి గుడ్డ ఏ కొట్లోనూ దొరకదు.