రైలుబండిలో రమణి: సటీకా తాత్పర్యము

మూలము

రైలుబండిలోన రమణి మాయంబయ్యె
చూడలేదటండ్రు చుట్టువారు
బంతిపిచ్చివారు పట్టించుకొనరైరి
యద్దమందు మిగిలె నామె పేరు

అవతారిక

ఇది ఆటవెలది. కర్త ఈ వ్యాఖ్యాతయే. మూలమూ టీకా ఒకడే రాసుకుంటే ఒక సుఖముంది, కవిహృదయం కోసం ఎవరినీ బతిమాలనక్కర్లేదు. సికింద్రాబాదు నుంచి మెదక్ వైపు వెళితే కొల్చారం వస్తుంది. కాళిదాసుకు వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథసూరి ఊరు అదే. మూలంలో లేనిది ఒక్కటీ రాయనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన చేతిలో కాళిదాసు ఉన్నాడు గనక ఆ ఒట్టు చెల్లింది. నా చేతిలో ఉన్నవి నాలుగు పాదాలు, అవీ నావే. కాబట్టి లేనివి కూడా రాస్తాను.

ఇతివృత్తము 1938లో హిచ్‌కాక్ తీసిన ‘ద లేడీ వానిషెస్’ అనే ఆంగ్ల చిత్రం లోనిది. అంతకు రెండేళ్ల ముందు ఎథెల్ లీనా వైట్ రాసిన నవలను ఫ్రాంక్ లాండర్, సిడ్నీ గిలియట్ అనే ఇద్దరు తెరకు మలిచారు. ఆ రోజుల్లో బ్రిటిష్ వాళ్లకు నవ్వూ భయమూ కలిపి వడ్డించాలంటే రైలే గుర్తొచ్చేది. ఈ చిత్రానికి ముందేడే ‘ఓ, మిస్టర్ పోర్టర్’ వచ్చింది, అందులో తెలివితక్కువ స్టేషన్ మాస్టరుకు దొంగ తుపాకుల ముఠా తగులుతుంది. 1940లో ‘నైట్ ట్రైన్ టు మ్యూనిక్’, మరుసటేడు ‘ద ఘోస్ట్ ట్రైన్’.

సికింద్రాబాదు వాడికి ఈ గొడవెందుకని అడగవచ్చు. ఈ ఊరు పుట్టిందే దండు కోసం. 1874లో రైలొచ్చింది. 1966 నుంచి దక్షిణ మధ్య రైల్వేకు ఇదే ముఖ్యస్థానం. లాలాగూడ క్వార్టర్లలో ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లుండేవారు. సంగీత్, ప్లాజా, టివోలి హాళ్లలో ఇంగ్లీషు సినిమాలు చూసి, సగం అర్థమై, పూర్తిగా నవ్విన తరం ఇక్కడిది. రైలూ ఇంగ్లీషు సినిమా ఒకే వీధిలో దొరికిన ఊళ్లు మనకు ఎక్కువ లేవు.

ప్రతిపదార్థము

రైలుబండిలోన = పట్టాలపై కదలు ఇంటియందు; రమణి = స్త్రీ (ఈమెకు అరవై దాటినట్టే ఉంటుంది. రమణి యనుటకు కారణము యతి మాత్రమే, ‘రై’కి ‘ర’ కుదురును); మాయంబయ్యెన్ = కునుకు తీసి లేచునంతలో లేకపోయెను; చుట్టువారు = ఆ పెట్టెలోని తోటి ప్రయాణికులు; చూడలేదట = చూడనే లేదని; అండ్రు = ముఖము చూడకుండ చెప్పుదురు; బంతిపిచ్చివారు = క్రికెట్టు తప్ప వేరు దైవము నెరుగనివారు; పట్టించుకొనరైరి = స్కోరు తెలియువరకు లోకముతో పని లేకుండిరి; అద్దమందు = కిటికీ గాజుపై; ఆమె పేరు = ఫ్రాయ్ అను నామధేయము; మిగిలెన్ = కొంతసేపే మిగిలెను.

తాత్పర్యము

బాండ్రికా అనే లేని దేశం నుంచి ఇంగ్లండు దారి పట్టిన రైలు. ఐరిస్ అనే అమ్మాయి ఎక్కబోతుంటే పైనుంచి పూలకుండీ నెత్తిన పడుతుంది. మిస్ ఫ్రాయ్ అనే ముసలావిడ ఆమెను ఆదరించి, డైనింగ్ కారుకు తీసుకెళ్లి టీ ఇప్పిస్తుంది. అమ్మాయి నిద్రపోయి లేచేసరికి ఆవిడ లేదు. అసలు అలాంటావిడ ఎక్కనే లేదంటారు అందరూ. మెదడు డాక్టరొకడు నెత్తిన దెబ్బ తగిలితే ఇలాంటివి కనబడతాయని శాస్త్రం చెబుతాడు. గిల్బర్ట్ అనే కుర్రవాడు మొదట వెక్కిరించి, తర్వాత నమ్మి, ఆ తర్వాత ప్రేమించి సాయపడతాడు. చివరికి తేలేదేమంటే ఆ ముసలావిడ గూఢచారి, మోసుకుపోతున్న రహస్యం ఒక పాట వరసలో దాగి ఉంది.

వ్యాఖ్య

ప్రథమపాదము. ఇందులో బరువైన మాట ‘రైలుబండిలోన’. వాళ్ల బండిలో పెట్టె అంటే గది. జారుడు తలుపు, తలుపు అవతల సన్నని నడవ, నడవలో ఒకరి కోసం ఒకరు ఒదిగి నిలబడే మర్యాద. హిచ్‌కాక్ ఇస్లింగ్టన్ స్టూడియోలో 90 అడుగుల సెట్టులో ఈ చిత్రంలో చాలా భాగం లాగించాడంటే, ఆ తలుపులూ నడవా ఎంత పని చేశాయో ఊహించుకోండి. తలుపు మూస్తే కుట్ర, తెరిస్తే హాస్యం.

మన స్లీపర్ బోగీకి ఆ సౌకర్యం లేదు. ఎదురెదురుగా ఆరు బెర్తులు, నడవకు అవతల సైడువి రెండు, మధ్యన తలుపన్నదే లేదు. కిటికీకి ఊచలు. ఆ ఊచల సందున అరటిపండు వస్తుంది, గూఢచారి పోదు. బాత్రూం దగ్గర ఎప్పుడూ ఒకడు నిలబడే ఉంటాడు. ఇక ముసలావిడను దాచేదెక్కడ?

ద్వితీయపాదము. ఈ పద్యానికి ప్రాణం ఇక్కడుంది. చుట్టువారు ‘చూడలేదు’ అన్నారు సరే, ఎందుకన్నారు? అందరూ కుట్రలో ఉన్నవారే అయితే అది వట్టి భయం కథ అయ్యేది. లాండర్, గిలియట్‌ల గొప్పతనమంతా ఆ అబద్ధాలను పంచిన తీరులో ఉంది. టాడ్‌హంటర్ అనే లాయరు ఆవిడను చూశాడు. కాని తనతో ఉన్న స్త్రీ తన భార్య కాదు, విచారణంటూ వస్తే పరువు పోతుంది. చార్టర్స్, కాల్డికాట్ అనే ఇద్దరు పెద్దమనుషులూ చూశారు. కాని బండి ఆలస్యమైతే మాంచెస్టర్ టెస్టు అందదు. ఎవరి చిన్న స్వార్థం వారిది, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. నిజంగా కుట్ర చేసినవాళ్లు కొద్దిమందే. వారి పనిని మిగతా బోగీ ఉచితంగా చేసిపెట్టింది.

దీనికి మూలం ముందే వేసి ఉంది. డైనింగ్ కారులో చార్టర్స్ చక్కెర గిన్నె ముందుకు లాక్కొని, ముక్కలన్నీ బల్ల మీద పరిచి, ఫీల్డర్లు ఎక్కడెక్కడ నిలబడ్డారో స్నేహితుడికి చూపిస్తుంటాడు. పక్క బల్ల దగ్గర ఫ్రాయ్ టీలోకి చక్కెర అడుగుతుంది. అతను విసుక్కుంటూ ఫీల్డర్లందరినీ ఏరి గిన్నెలో వేసి ఇస్తాడు. చూసేటప్పుడు నవ్వొస్తుంది. తర్వాత అదే మనిషి ఆవిడను ఎరగనన్నప్పుడు, ఆ నవ్వే గొంతుకు అడ్డం పడుతుంది. సాక్ష్యాన్ని హాస్యంగా మన కళ్లెదుటే పెట్టి, సాక్షి చేత కాదనిపించడం ఈ జాతి కథలకు పెద్ద సూత్రం. నెత్తిన దెబ్బ, నమ్మని డాక్టరు, ఎత్తుమడమల బూట్లు తొడిగిన క్రైస్తవ సన్యాసిని, ఇవన్నీ దాని తర్వాతే.

పాఠాంతరము. సికింద్రాబాదు ప్రతిలో ఈ పాదం ‘చూచినామటండ్రు చుట్టువారు’ అని కనబడుతుంది. గణాలు చెదరలేదు, యతి చెదరలేదు, కథ మాత్రం తల్లకిందులైంది. ఈ పాఠమే గ్రాహ్యమని నా మతం. 1974 నుంచి వైజాగుకూ మనకూ మధ్య తిరిగే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఒక పెద్దావిడ కాజీపేట దాటాక కనబడకుండా పోయిందనుకోండి. ఏమవుతుంది?

“ఆవిడా? రాజమండ్రి దిగాలండీ. చిన్నకూతురు పురిటికి వెళ్తున్నారు. అల్లుడు మంచాడే గానీ ఉద్యోగం ఊగిసలాటట.”

“నీలంచీర కదూ?”

“నీలమేంటండీ, నెమలికంఠం. గద్వాల చీర. నేను పట్టుకుని చూశాను.”

“వరంగల్‌ల లేచి పోయింది బిడ్డా, నేనే సంచి అందించిన.”

“మీరు నిద్రపోయారు పెద్దమ్మా, ఖమ్మం రాకముందు కదా లేచారు? నాకు పులిహోర కూడా పెట్టారు.”

పెట్టెలో అందరూ చూశారు. ఆవిడ ఊరు, ఇంటిపేరు, షుగరు మాత్రల వేళ, అల్లుడి జీతం అందరికీ తెలుసు. ఎటు వెళ్లిందన్న ఒక్క ముక్క తప్ప. ఇంగ్లీషు రైలులో నిజం మౌనం వెనుక దాక్కుంటే, మన రైలులో సాక్ష్యాల గుట్ట కింద పడి ఊపిరాడక పోతుంది. అక్కడి నాయకుడు ఒక్కడిని మాట్లాడించడానికి చెమటోడుస్తాడు. మన నాయకుడు ఎనిమిదిమందిని ఆపడానికి చెమటోడ్చాలి.

ఈ రహస్యం శ్రీను వైట్లకు తెలుసు. 2004లో వచ్చిన ‘వెంకీ’లో వైజాగు నుంచి హైదరాబాదు బండి ఎక్కిన నలుగురు స్నేహితులు, బ్రహ్మానందం, తోటి ప్రయాణికులు కలిసి రాత్రంతా చేసిన అల్లరిని ఇప్పటికీ జనం ముక్కలు ముక్కలుగా అప్పజెబుతారు. ఆ అల్లరి నడుమే, అదే బండిలో, కథానాయిక తండ్రి హత్య జరిగిపోతుంది. పోలీసు ట్రైనింగుకు పోతున్న ఆ నలుగురి మెడకే అది చుట్టుకుంటుంది. మనం నవ్వుతున్నాం గనక హత్యను చూడలేదు, పాత్రలూ అంతే. హిచ్‌కాక్ తలుపుతో చేసిన పనిని ఇక్కడ గోలతో చేశారు. ఆ సినిమా రెండో సగం మీద నాకంత గౌరవం లేదు, బండి దిగాక అది మామూలు సినిమాయే. రైలు భాగం మాత్రం పాఠాంతరానికి నిలువెత్తు ప్రమాణం.

2013లో మేర్లపాక గాంధీ ‘వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్’ తీసి ఇంకో మెట్టు ఎక్కాడు. మన బండిలో దాపరికం కుదరదని తెలిసి నాయకుణ్ని బండిలోనే ఉంచలేదు, తప్పించేశాడు. ఇంటిల్లిపాదీ లోపల, అతను రోడ్డు మీద, ప్రతి స్టేషనూ ఒక గండం. ‘మాయంబయ్యె’ అన్న క్రియకు రమణి బదులు రైలే కర్త అయినట్టు అన్వయం.

తృతీయపాదము. దీనికి ఎక్కువ వ్యాఖ్య అక్కర్లేదు, సికింద్రాబాదు వాడికి క్రికెట్టు పిచ్చి గురించి చెప్పడమెందుకు? ఒక్క విశేషం. అంత తాపత్రయపడి ఇంగ్లండు చేరిన చార్టర్స్, కాల్డికాట్‌లకు స్టేషనులో ఎదురైన వార్త, మాంచెస్టర్ ఆట నీళ్లపాలై రద్దయిందని. ఇది కవి కల్పన. కాని 1938 జులైలో నిజంగానే ఇంగ్లండు, ఆస్ట్రేలియా మాంచెస్టర్ టెస్టు ఒక్క బంతి కూడా పడకుండా వానకు పోయింది. సినిమా జనం ముందుకొచ్చింది ఆ తర్వాతే. బేసిల్ రాడ్‌ఫర్డ్, నాంటన్ వేన్ పోషించిన ఈ జంట ఎంత నచ్చిందంటే ‘నైట్ ట్రైన్ టు మ్యూనిక్’లోనూ దిగబడ్డారు.

చతుర్థపాదము. డైనింగ్ కారులో బండి కూతకు మాట వినబడక, ఫ్రాయ్ తన పేరును గాజు మీద వేలితో రాస్తుంది. అది తర్వాత ఐరిస్ కంటబడుతుంది, గిల్బర్టును పిలిచి చూపేలోపు చెరిగిపోతుంది. ఇంకోచోట ఆవిడ తాగే టీ పొట్లం కాగితం బయటినుంచి ఎగిరొచ్చి కిటికీకి అతుక్కుంటుంది, గిల్బర్ట్ చూస్తాడు, గాలికి పోతుంది. సాక్ష్యం ఉండాలి, ఒక్కరికే కనబడాలి, నిలవకూడదు. ఇది నియమం.

మన బండిలో ఈ పాదానికి అన్వయం మహా కష్టం. ఇక్కడ పేరు వేలితో రాయనక్కర్లేదు. బోగీ తలుపు పక్కన చార్టు అంటించేవారు, అందులో పేరు, వయసు, ఆడో మగో, ఎక్కడ దిగుతారో అచ్చేసి ఉండేది. గూఢచారి అయినా సరే, ప్లాట్‌ఫారం మీద సమోసాలవాడికి కూడా ఆమె వయసు తెలుస్తుంది. 2018 మార్చి నుంచి పెద్ద స్టేషన్లలో ఆ కాగితాలు అంటించడం మానేశారు. కాగితం పొదుపు కోసమన్నారు. కథకులకు ఎంత మేలు చేశారో వాళ్లకు తెలియదు.

ఆక్షేపము, సమాధానము

పూర్వపక్షి ఇలా అంటాడు: “అయ్యా, మీ పాఠాంతరం స్లీపర్ బోగీ నాటిది. 2023 జనవరి 15న సికింద్రాబాదు నుంచి వైజాగుకు వందే భారత్ మొదలైంది. అందులో అందరికీ కుర్చీలు, ముందు సీటు వీపు చూస్తూ కూర్చోవాలి. చెవుల్లో తీగలు, చేతిలో ఫోను. పక్కావిడ పేరేమిటని అడిగినవాడు లేడు. ‘చూచినాము’ అనేదెవరు? మళ్లీ ఇంగ్లీషు పాఠమే నిలిచింది కదా?”

ఆక్షేపం బలమైనదే. పైగా ఆ బండికి తలుపులు వాటంతటవే మూసుకుంటాయి, నడుస్తుండగా తెరుచుకోవు. వరంగల్‌కూ ఖమ్మానికీ మధ్య మనిషి మాయమైతే దిగిపోయిందనడానికి వీల్లేదు. తాళం వేసిన గది కావాలని ఏడ్చిన కథకుడికి తాళం వేసిన బండే దొరికింది. చుట్టువారు ‘చూడలేదు’ అంటే అది అబద్ధం కూడా కాకపోవచ్చు. లాండర్, గిలియట్‌లకు అదొక్కటే చిక్కు, అబద్ధం లేకపోతే వాళ్ల హాస్యం నడవదు.

సమాధానం భోజనంలో ఉంది. ఆ బండిలో కేటరింగ్ కుర్రాడు సీటు నంబర్ల జాబితా పట్టుకుని వెజ్జా నాన్‌వెజ్జా అని అడుగుతూ వస్తాడు. టీసీని పక్కన పెడితే, బండి మొత్తంలో ప్రతి మనిషీ ఉన్నాడో లేడో లెక్క చూసేది అతనొక్కడే. కిటికీ పక్క సీటు ఖాళీ. “మేడమ్ ఎక్కడికెళ్లారు సార్?” అంటాడు. పక్క సీటాయన చెవిలోంచి తీగ తీసి, “వస్తారు, ఇక్కడ పెట్టు” అంటాడు. ట్రే పెడతాడు. పది నిమిషాలు గడుస్తాయి. ఆవిడ రాదు. పక్కాయన మొదట పెరుగు కప్పు తీసుకుంటాడు, చల్లదనం పోతుందని. తర్వాత గులాబ్‌జామ్. విజయవాడలో పోలీసులెక్కి, “ఇక్కడ ఒక పెద్దావిడ ఉండాలే?” అని అడిగేసరికి రెండు ఖాళీ కప్పులు సీటు కిందకు తోసేసి ఆయన అనే మాట, “ఎవరండీ? నేనెక్కినప్పటి నుంచీ ఈ సీటు ఖాళీయే.”