పెద్దసారు

ఆత్మకూరునుండి బద్వేలు దిక్కుగా పోవు పెద్దరోడ్డున మర్రిపాడులో దిగి, మండల కార్యాలయమనదగిన ఏ కార్యాలయమున తొంగిచూచినను, సరిగా పంకా క్రింద, కిటికీ ప్రక్కన, పెద్దసారు అనబడు సీనియర్ అసిస్టెంటు ఒకడు విరాజిల్లుచుండును. ఆయన పేరుతో మనకు నిమిత్తము లేదు. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చిన నాటినుండి ఫైళ్లకు నాడాలు ముడివేయుచున్న ఆ చేతులకు, గ్రూప్-4 వ్రాసి వచ్చిన బి.టెక్. జూనియర్ అసిస్టెంటును చూచిన నొకవిధమగు జాలి.

జాలికి కారణములు లేకపోలేదు. తన కాలమున సెలవు కావలెనన్న, తెల్లకాగితమునకు ఎడమ అంచు మడిచి, "తమ విధేయుడు" వరకు చేవ్రాలుతో పూర్తిచేసి, ఎం.ఆర్.ఓ.గారు కాఫీ త్రాగి ప్రసన్నులగు వేళ కనిపెట్టి, గుమ్మముకడ నిలువవలసియుండెను. ఇప్పటివాడు "రేపు లీవ్ సార్" అని వాట్సాప్‌లో పడవేసి, జవాబు రాకమునుపే నెల్లూరు బస్సెక్కును. సాయంకాలము సంచి భుజమున వేసికొను వానిని చూచి, "ఏందబ్బయా, అప్పుడేనా?" అని పెద్దసారు అడుగును; "టైమైంది గదా సార్" అని వాడనును. టైమునకు పోవుట నేరమని ఏ రూల్సు పుస్తకమునందును లేకపోవుటచే పెద్దసారునకు బాధ ద్విగుణమగును.

ఇది చాలదన్నట్లు, ముఖము చూపి హాజరు వేయు యాప్ వచ్చిపడెను. కళ్లజోడు పెట్టుకొన్న నది ఆయనను గుర్తింపదు. తీసిన, తెర యెక్కడున్నదో ఆయనకు కనబడదు. తుదకు ఆ కుఱ్ఱవాడే, "ఇట్టా వెలుతురుకాడికి రండి సార్" అని, పెండ్లికొడుకును పీటలమీద సరిచేసినట్లు, ఆయన ముఖమును సరిచేయవలసివచ్చును. అయినను మధ్యాహ్నమునకు లెక్క సరిపోవును: వెబ్‌ల్యాండులో ఎంత వెదకినను చిక్కని పట్టాదారును, "వాళ్లన్న పేరుమీద చూడబ్బయా, పంపకాల్లో ఆ మెట్టచేను తమ్ముడికి వచ్చినా కాగితం మారలా" అని కన్నులు తెరువకయే పెద్దసారు పట్టియిచ్చును.

ఇద్దరి నడుమ అసలు తగవు కుర్చీ గూర్చి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము పదవీవిరమణ వయస్సును 58 నుండి 55కు దింపినపుడు, నిరుద్యోగియై తిరుగుచుండిన మన పెద్దసారు, "ముసలోళ్లు పోతేనే గదా మనకు దారి" అని ఆత్మకూరు బస్టాండులో మిఠాయి పంచెనట. తరువాత నది మరల 58 అయ్యెను, 2014లో 60 అయ్యెను, 2022 జనవరిలో 62 అయ్యెను. పెరిగిన ప్రతిమారును అనుభవము విలువ యెరిగిన ప్రభుత్వమని ఆయన కొనియాడెను. ఆ కుర్చీకై ప్రమోషను కాచుకొనియున్న జూనియర్ మాత్రము, వీలు చిక్కినపుడెల్ల ఆయన సర్వీసు రిజిస్టరు బీరువానుండి దింపి, పుట్టినతేదీ చూచి, నిట్టూర్చి, మరల పెట్టుచుండును.

"ఇంక పెంచరంట గదా సార్?" అని మొన్న వాడడుగనే అడిగెను. "65 చేస్తారని నెల్లూరులో అనుకుంటా ఉండారబ్బయా" అని పెద్దసారు కళ్లజోడు తీసి, ఆ పూట హాజరుకై ముఖమును వానికప్పగించెను.