ఇసుకలో సంసారం

హ్యూస్టన్ చుట్టుపక్కల, కేటీలోనో షుగర్‌ల్యాండ్‌లోనో, పది తెలుగు కుటుంబాలు కలిసిమెలిసి ఉంటే అందులో ఒక క్యాంపింగ్ అన్నయ్య ఉండి తీరతాడు. వయసు నలభై దాటి ఉంటుంది. ఉద్యోగం ప్రాజెక్ట్ మేనేజరు. ఆఫీసులో ఆయన మాట ఎవరూ వినరు. అందుకని ఏడాదికోసారి గాల్వెస్టన్ ఐలాండ్ స్టేట్ పార్కులో సొంత ప్రాజెక్టు ఒకటి పెట్టుకుని, ఆరు కుటుంబాలను అందులోకి దింపుతాడు.

టెక్సస్ పార్కుల్లో టెంటు వేసుకునే స్థలాన్ని ఐదు నెలల ముందు నుంచీ బుక్ చేసుకోవచ్చు. అన్నయ్యకు పెళ్లిరోజు గుర్తుండకపోవచ్చు గానీ ఈ తేదీ మాత్రం మర్చిపోడు. ఒక్కో స్థలంలో ఎనిమిది మందికి మించి ఉండకూడదు. పక్కపక్కన మూడు స్థలాలు దొరికించుకోవడం రైల్లో ఒకే కూపేలో బెర్తులు సంపాదించడమంత ఘనకార్యం కాబట్టి, దొరికిన రోజున ఆయన మొహం చూడాలి! ఆ వెంటనే వాట్సాప్ గ్రూపు పుడుతుంది. దాని వెనకే ఎక్సెల్ షీటు. అందులో ‘దోసెపిండి’ ఎదురుగా బాధ్యుల పేర్లు, ‘ప్రత్యామ్నాయ పిండి’ ఎదురుగా మరో ఇద్దరి పేర్లు. ఏడాది పాసున్నవాళ్ల బండిలో వచ్చినవాళ్లకు ప్రవేశ రుసుం ఉండదు కనుక, ఎవరు ఎవరి ఒళ్లో కూర్చోవాలో కూడా ఒక కాలమ్‌లో రాసే ఉంటుంది.

“నేచర్‌లో సింపుల్‌గా బతకడం పిల్లలకు అలవాటవ్వాలి” అన్నది ఆయన సిద్ధాంతం. ఆ మాట అంటూనే వ్యాను డిక్కీలోంచి రెండో ప్రెషర్ కుక్కరు దింపుతాడు. దాని వెనక ఇడ్లీపాత్ర, పోపులపెట్టె, ఆకుపచ్చ ప్రొపేన్ సిలిండర్లు ఆరు, కత్తిపీట, గోంగూర పచ్చడి జాడీ, చాపలు, సోనామసూరి బస్తా. కరెంటున్న స్థలమే తీసుకున్నాడు. రైస్ కుక్కరు కోసం. ఇండియా నుంచి ఆరు నెలలకని వచ్చిన అత్తగారు కారు దిగకుండానే అడుగుతుంది: “నాలుగు బెడ్‌రూముల ఇల్లు పెట్టుకుని ఈ గుడ్డలో పడుకోవడమేమిటి బాబూ? ఇంటికేమైనా దోషం తగిలిందా?”

ఆ ప్రశ్నకు జవాబు దొరికేలోగా గాలి వస్తుంది. ఈ పార్కు ద్వీపానికి అడ్డంగా పరుచుకుని ఉంటుంది. ఒకవైపు గల్ఫ్ ఆఫ్ మెక్సికో, మరోవైపు వెస్ట్ బే, మధ్యలో రోడ్డు. గాలికి అడ్డం నిలిచేది ఏదీ లేదు. టెంటుతో పాటు డబ్బాలో వచ్చే సన్నటి మేకులు మట్టిలో పనికొస్తాయేమో గానీ ఇసుకలో గుచ్చితే, గుచ్చినంత సులువుగానే ఊడొస్తాయి. ఈ సంగతి ఒక వీడియోలో చూశానని అన్నయ్యకు టెంటు ఎగరడం మొదలయ్యాక గుర్తొస్తుంది. ఒక మూల వదిన, రెండో మూల తోడల్లుడు, మూడో మూల ఇద్దరు పిల్లలు పట్టుకుని నిలబడితే, నాలుగో మూలకు సోనామసూరి బస్తా కట్టేస్తారు. నిజానికి అందరికన్నా గట్టిగా నిలబడేది ఆ బస్తానే. పక్క స్థలంలో ఉన్న టెక్సస్ పెద్దాయన ఈ తతంగమంతా కాసేపు చూసి, తన ఆర్‌వీలోంచి మూరెడు పొడవున్న ఇసుక మేకులు, సుత్తి తెచ్చి ఇస్తాడు. రాత్రి ఆయనకు ప్లేటు నిండా మిరపకాయ బజ్జీలు వెళ్తాయి. అవి తిన్న తర్వాత ఆయన మళ్లీ ఇటువైపు రాడు.

టెంటు నిలబడ్డాక ఉపన్యాసం మొదలు. పార్కు 1975లో తెరిచారు, 2008 సెప్టెంబరులో ఐక్ తుపాను తుడిచిపెట్టింది, బీచ్ వైపు కొత్తగా కట్టి 2022లో మళ్లీ తెరిచారు. ఇదంతా తానే దగ్గరుండి కట్టించినట్టు చెబుతాడు. అంతలో గుంపులో ఉన్న విశాఖపట్నం మనిషి నీళ్లవైపు చూసి పెదవి విరుస్తాడు. “ఇదేంటన్నా, టీ లాగుంది! మా రుషికొండ బీచ్‌కు 2020లోనే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది.” అన్నయ్య నొచ్చుకుంటాడు. తీరం లోతు తక్కువనీ, నదులు మోసుకొచ్చిన ఒండ్రు అలలకు కలిసిపోయి నీళ్లకు ఆ రంగు వస్తుందనీ, అది మురికి కాదనీ వివరిస్తాడు. చెప్పింది అక్షరాలా నిజం. అయినా వైజాగ్ మనిషిని ఒప్పించగల సముద్రం ఇంకా పుట్టలేదు.

ఇక్కడ లైఫ్‌గార్డులు ఉండరు. అందుకని నీళ్లలో దిగేముందు అన్నయ్య అందరినీ వరసగా నిలబెట్టి తర్ఫీదు ఇస్తాడు. ఇసుకలో దాక్కునే టేకు చేపలు తోకముల్లుతో పొడుస్తాయి కాబట్టి అడుగు ఎత్తి వేయకూడదు, పాదాలు ఈడ్చుకుంటూ నడవాలి, ఆ అలికిడికి అవే తప్పుకుంటాయి. “ఈడ్చండి, ఈడ్చండి!” అని ఆయన అరుస్తుంటే, “కాళ్లీడ్చి నడిస్తే ఇంటికి దరిద్రంరా!” అని ఒడ్డు మీంచి అత్తగారు అంతకంటే గట్టిగా అరుస్తుంది. పిల్లలు ఎవరి మాట వినాలో తెలియక మోకాలి లోతు నీళ్లలో ఆగిపోతారు.

అసలు కథ మధ్యాహ్నం చేపల దగ్గర. స్టేట్ పార్కు ఒడ్డు నుంచి గాలం వేయడానికి టెక్సస్‌లో లైసెన్సు అక్కర్లేదు. కొలతల నిబంధనలు మాత్రం వర్తిస్తాయి. పీత పెంకు కొసనుంచి కొసకు ఐదంగుళాలుండాలి, గుడ్లతో ఉన్న ఆడపీతను వదిలేయాలి. రెడ్‌ఫిష్ 20 అంగుళాలకు తగ్గకూడదు, 28 దాటకూడదు. పెద్దవి గుడ్లు పెట్టేవి కనుక వాటిని నీళ్లలోనే ఉంచాలి. అన్నయ్య కొలబద్ద తెచ్చాడు, కొత్త గాలం తెచ్చాడు, జేబులు పద్నాలుగున్న కోటు తెచ్చాడు. రెండు గంటల తపస్సు తర్వాత ఒక రెడ్‌ఫిష్ పడుతుంది. పంతొమ్మిదిన్నర. తోక నొక్కి కొలుస్తాడు; అది చట్టం ఒప్పుకునే పద్ధతే. తర్వాత మూతి కాస్త లాగి చూస్తాడు. అది ఏ చట్టమూ ఒప్పుకోదు. పిల్లలందరూ చుట్టూ మూగి చూస్తున్నారు కాబట్టి, చేపకు నమస్కారం పెట్టి నీళ్లలో వదులుతాడు.

ఈలోగా భీమవరం బావగారు పక్కవాళ్ల దగ్గర గాలం అరువడిగి, చేతికందిన రొయ్య ముక్క గుచ్చి విసిరితే ఒకటి తర్వాత ఒకటి హార్డ్‌హెడ్ క్యాట్‌ఫిష్‌లు. స్థానికులకు ఈ చేపంటే చికాకు. వీపు మీద, పక్కల్లో విషపు ముళ్లు, మాంసం తక్కువ. పడితే తిట్టుకుంటూ తిరిగి విసిరేస్తారు. బావగారు మాత్రం ఒకదాన్ని ఎండలో తిప్పి చూసి పరమానందభరితుడవుతాడు. “ఓరి మీ ఇల్లు బంగారం గానూ! ఇది జెల్ల రా!” కుటుంబం అదే, మన తీరంలో జెల్లలకు దగ్గరి చుట్టమే. ముల్లు ఎక్కడ పట్టుకుని ఎలా విరవాలో ఆయన చేతులకు తెలుసు. పార్కు వాళ్లు చేపలు కోసుకోవడానికి పెట్టిన బల్ల దగ్గర నిలబడి, అన్నయ్య తెచ్చిన కత్తులు కాదని కత్తిపీటే వాడతాడు. సాయంత్రానికి చింతపండు పులుసు. అన్నయ్య పళ్లెం ఖాళీ చేసి, “ఉప్పు కొంచెం తగ్గింది” అని తన అధికారం నిలబెట్టుకుంటాడు.

కయాకింగ్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బే వైపు వెళ్లేటప్పుడు గాలి వెనక ఉంటుంది, అన్నయ్య పాటలు పాడతాడు. వచ్చేటప్పుడు గాలి ఎదురు, పాటలుండవు.

రాత్రి పది తర్వాత పార్కులో చప్పుడు చేయకూడదు. అంత్యాక్షరి ‘మ’ దగ్గర పీకల మీదికి వచ్చే వేళకే సరిగ్గా పదవుతుంది. మద్యం బహిరంగంగా తాగడమూ నిషేధమే. కాబట్టి స్టీలు గ్లాసుల్లో ఉన్నది మజ్జిగే అని అందరూ నమ్మాలి. రేంజరు బండి వచ్చినప్పుడు మరీ గట్టిగా నమ్మాలి. అందరూ పడుకున్నాక రకూన్లు వస్తాయి. మూత బిగించిన కూలరు కూడా వాటికో లెక్క కాదు. తెల్లారేసరికి బ్రెడ్డు మాయం, అరటిపళ్లు మాయం. గోంగూర జాడీ మూత తీసి ఉంటుంది గానీ పచ్చడి ముట్టవు. పొంగి కారిన దోసెపిండి మీద చిన్న చిన్న చేతిముద్రలు!

మూడు రోజుల తర్వాత ఇల్లు చేరిన వాళ్లందరూ ఇంకెప్పుడూ వెళ్లేది లేదని ఒట్టు పెట్టుకుంటారు. అన్నయ్య చాదస్తం మీద నెలరోజులు జోకులు నడుస్తాయి. కానీ గంటన్నర దూరంలో సముద్రం పెట్టుకుని ఏళ్ల తరబడి మాల్స్ చుట్టూ తిరిగిన ఈ కుటుంబాలను ఒడ్డుకు తీసుకెళ్లింది ఆయనే. వాళ్ల పిల్లలు పీత పట్టడం నేర్చుకున్నది ఆయన షీటులో మూడో వరస ప్రకారమే. మార్చి సెలవుల బుకింగు అక్టోబరులో, దసరా హడావిడిలోనే తెరుచుకుంటుంది. ఆయన మెసేజి పెడితే ‘చూద్దాం అన్నా’ అనకుండా వెంటనే ‘సరే’ అనండి. పొడుగాటి ఇసుక మేకులు ఒక డజను మాత్రం మీరే కొని పట్టుకెళ్లండి.