టికెట్ ఖరీదైతే వయసు కనబడదు

అరవై దాటినవాడు మెడలో గిటార్ వేసుకుంటే నవ్వాలని అమెరికా సంగీత రసికులు ఏనాడో తీర్మానించారు. ఆ తీర్మానానికి ఒక్కటే మినహాయింపు: టికెట్ వందల డాలర్లు పలికితే నవ్వకూడదు, లేచి నిలబడి చప్పట్లు కొట్టాలి. 2024లో ఎనభై దాటిన మిక్ జాగర్‌ని ముందు పెట్టుకుని రోలింగ్ స్టోన్స్ అమెరికా స్టేడియాలు చుట్టి వచ్చింది. ఆ యాత్రకు స్పాన్సర్ ఎవరనుకున్నారు? ఏఏఆర్‌పీ. అంటే యాభై దాటినవాళ్ళ బాగోగులు చూసే సంఘం. అయినా అక్కడ ఎవరి కంటికీ ముసలితనం ఆనలేదు.

అదే ఒహాయోలోనో అయోవాలోనో ఓ చిన్న ఊళ్ళో, శుక్రవారం రాత్రి మాజీ సైనికుల సంఘం అమెరికన్ లీజియన్ వారి హాల్లో, రిటైరైన ప్లంబరు డ్రమ్ముల ముందు కూర్చుంటే రసికుడికి చూపు తిరిగొస్తుంది. కవర్ బ్యాండేనా అని పెదవి విరుస్తాడు. సొంత పాట ఒక్కటీ లేదట, అంతా అరువేనట.

నవ్వుకోవడానికి సరుకు లేదని కాదు. లీడ్ గిటార్ ఆయన నాలుగు గిటార్లు మోసుకొస్తాడు, రాత్రంతా వాయించేది ఒక్కటే. పాటల మాటలు మైకు స్టాండుకు తగిలించిన ట్యాబ్లెట్‌లో ఉంటాయి, వాటిని చదవడానికి కళ్ళజోడు ముక్కు చివరికి దిగుతుంది. పాతికేళ్ళప్పుడు అందిన పై స్వరం ఇప్పుడందదు గనక శ్రుతి ఓ మెట్టు దించుతారు. చెవులు మందగించాయి కాబట్టి గిటారాయన తన ఆంప్లిఫయర్ పెంచుతాడు, అది చూసి బేస్ ఆయన పెంచుతాడు, ఇద్దరి మీదా కోపంతో డ్రమ్మరు బాదుతాడు. మూడో పాటకల్లా ముందు వరసలోని భార్యలు చెవుల్లో ఇయర్‌ప్లగ్గులు పెట్టుకుంటారు. పదింటికల్లా సర్దేయాలి, మర్నాడు పొద్దున్నే మనవడి బేస్‌బాల్ ఆట ఉంది మరి.

కానీ ‘అరువు’ దగ్గరే నాకు పేచీ. 1963లో వచ్చిన బీటిల్స్ తొలి ఆల్బమ్‌లో 14 పాటలుంటే 6 పరాయివి. అదే ఏడాది రోలింగ్ స్టోన్స్ తొలి రికార్డు చక్ బెర్రీ పాట. అరువు తెచ్చుకున్నవాడికి ఇరవై ఏళ్ళయితే ప్రతిభ, డెబ్బై అయితే చాదస్తం కాబోలు!

ఇక ఆ చక్ బెర్రీగారి సంగతి. ఊరూరా కచేరీలు చేసిన రోజుల్లో ఆయన వెంట చాలాసార్లు బ్యాండే ఉండేది కాదు. గిటార్ పట్టుకుని ఒక్కడే దిగేవాడు. డబ్బు ముందే చేతిలో పడాలి. వెనక వాయించడానికి ఆ ఊళ్ళోవాళ్ళెవరో ఉంటారు, రిహార్సల్ ఊసే లేదు. 1973లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో అలా వెనక నిలబడింది అప్పటికింకా పెద్దగా పేరు రాని బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ బృందం. ఏ పాటలు వాయించాలని అడిగితే చక్ బెర్రీ పాటలేనని జవాబొచ్చిందట. ఏ ఊళ్ళో దిగినా తన పాటలు వచ్చినవాళ్ళు దొరుకుతారని ఆయనకంత ధీమా. రాక్ అండ్ రోల్‌కి పునాది వేసినవాడే కవర్ బ్యాండ్లను నమ్ముకుని ఏళ్ళకేళ్ళు నడిపించాడు, రసికుడు మాత్రం నమ్మడు.

లినర్డ్ స్కినర్డ్ అనే రాక్ బ్యాండు స్థాపక సభ్యుల్లో చివరివాడు గ్యారీ రాసింగ్టన్ 2023 మార్చిలో పోయాడు. బ్యాండు పేరు మాత్రం ఇంకా టికెట్ల మీద ఉంది. దాన్ని కవర్ బ్యాండ్ అనకూడదట, లైట్లు బాగుంటాయి కదా! అదే ఏడాది డిసెంబరులో కిస్ బృందం వీడ్కోలు కచేరీ చేసి, ఇకపై మా బదులు కంప్యూటర్ బొమ్మలు ఆడతాయని ప్రకటించింది. బొమ్మ ఆడితే అసలు, మనిషి చెమటోడ్చి వాయిస్తే నకలు.

ఈ విషయంలో మనమే నయం. శ్రీరామనవమి పందిట్లో ఆర్కెస్ట్రా ఆయన ఘంటసాల పాట ఎత్తుకుంటే నకలని ఎవరూ లేచిపోరు. చరణం తప్పితే మాత్రం నాలుగో వరసలోంచి అందిస్తారు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకో విన్నపం. స్టేడియం టికెట్ కోసం క్రెడిట్ కార్డు తీసేముందు ఓ శుక్రవారం మీ పక్క ఊరి హాల్‌కి వెళ్ళండి. డ్రమ్ముల పక్కన బకెట్ ఉంటుంది, అందులో ఓ ఇరవై డాలర్లు వేయండి. ఇయర్‌ప్లగ్గులు మాత్రం మీవే తీసుకెళ్ళండి.