రాసి పట్రండి

చేతిరాత అంతరించిపోతోందని బెంగపడేవాళ్లకు ఒక శుభవార్త. ఆ కళను కంటికి రెప్పలా కాపాడుతున్న ప్రభుత్వశాఖ ఒకటి ఇంకా మిగిలే ఉంది. బళ్లు చేతులెత్తేశాయి, బ్యాంకులు చలానాలు మానేశాయి, పెళ్లి శుభలేఖ కూడా వాట్సాప్‌లోనే వస్తోంది. పోలీసు ఠాణా మాత్రం పట్టు వదల్లేదు. గంజాం జిల్లా బరంపురంలో, అంకులిలాంటి పేటలో, రోజంతా బొటనవేళ్లతో తెలుగు ఊసుల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే కుర్రాడు పదో తరగతి పరీక్షల తరవాత మళ్లీ కలం పట్టేది ఎప్పుడంటే, ఇంటిముందు పెట్టిన మోటారు సైకిలు పోయినప్పుడే. లబోదిబోమంటూ ఠాణాకు పరిగెత్తుతాడు. ఏం పోయింది, ఎప్పుడు పోయిందని అడిగేముందు అక్కడ అడిగే ప్రశ్న వేరే ఉంది: రాసి తెచ్చావా? లేకపోతే ఎదురుగా జిరాక్సు దుకాణంలో తెల్లకాగితం దొరుకుతుంది, రాసి పట్రా.

ఇది ఎంత పాత ఆచారమో, అంత పాత అక్రమం. నోటితో చెప్పిన ఫిర్యాదును ఠాణా అధికారి తాను రాయాలి, లేదా తన కింది వాళ్లచేత రాయించాలి, రాసింది ఫిర్యాదుదారుకు చదివి వినిపించాలి, ఆ తరవాతే సంతకం తీసుకోవాలి. వారంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరాలన్నిటికీ ఇదే పద్ధతని 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 154వ సెక్షన్ చెప్పింది. అప్పటికి బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి గంజాం అందులో చేరింది. జెండా మారింది, రాజధాని మారింది, ఆ సెక్షన్ మారలేదు. 1973లో కొత్త కోడ్ వచ్చింది, అంకె కూడా మార్చకుండా 154గానే ఉంచారు. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చాక అది 173వ సెక్షన్ అయింది. తెల్లదొరలు, ఇందిరాగాంధీ ప్రభుత్వం, నరేంద్ర మోదీ ప్రభుత్వం. ముగ్గురికీ ఏకాభిప్రాయం కుదిరిన విషయాలు ఈ దేశంలో వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. రాయాల్సింది ఠాణా అన్నది వాటిలో ఒకటి. ఆంధ్రా స్టేషన్లలోనయితే ఈ పనికోసం రైటర్ అని ఒక మనిషే ఉంటాడు. ఆయన అక్కడుండగానే, అక్షరం ముక్క రాని ముసలమ్మను రాసి పట్రమ్మని పంపేస్తారు.

ఈలోగా సాంకేతికత రాలేదా అంటే, వచ్చింది, వచ్చి కూర్చుంది. ముంబయి దాడుల మరుసటి ఏడు, 2009లో, దేశంలోని ఠాణాలన్నిటినీ ఒక్క కంప్యూటరు వలలో కలపడానికి కేంద్రం సీసీటీఎన్ఎస్ పథకం పెట్టి 2,000 కోట్ల రూపాయలు కేటాయించింది. ఎఫ్ఐఆర్‌ను 24 గంటల్లో ఇంటర్నెట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కంప్యూటర్లు, ప్రింటర్లు, కెమెరాలు అన్నీ అమిరాయి. ఇన్ని అమిరాక జరుగుతున్నదేమిటంటే, అర్జీదారు కలంతో రాసిన కాగితాన్ని పక్కన పెట్టుకుని ఒక కానిస్టేబులు రెండు వేళ్లతో మళ్లీ టైపు చేస్తాడు. అంటే ఒక్క సంగతిని రెండుసార్లు రాయడానికి 2,000 కోట్లు. టైపు చేసే ఆ చెయ్యి నేరుగా మనిషి నోటినుంచి విని చేస్తే సగం పని తగ్గుతుందని ఎవరికీ తట్టకపోవడం వింతే.

ఒడిశాకు ఇందులో ప్రత్యేక గౌరవం దక్కాలి. 2019 అక్టోబరు 2న అప్పటి ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ 'మో సర్కార్' అనే కార్యక్రమం మొదలుపెట్టారు. ఠాణాకు వెళ్లిన మనిషికి పైనుంచి ఫోను చేసి, నీతో ఎలా ప్రవర్తించారు, పని జరిగిందా అని అడగడం దాని ఉద్దేశం. ఆలోచన మంచిదే. కానీ చూడండి: ఠాణా గురించి నోటితో చెబితే ప్రభుత్వం వింది. ఠాణాకు మాత్రం నోటితో చెబితే వినబడదు.

అంకులిలో ఈ తెల్లకాగితం మిగతాచోట్లకన్నా బరువెక్కుతుంది. కారణం భాష. బరంపురంలో ఎన్నో ఇళ్లలో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చింది ఒడియా, ఈ తరం పిల్లలు చదివేది ఇంగ్లీషు. ఒడిశాలో ప్రభుత్వ వ్యవహారం ఒడియాలో జరగాలని 1954 నుంచీ చట్టం ఉంది, అందులో తప్పూ లేదు. అయితే ఇంట్లో తెలుగు మాట్లాడే ఆడమనిషి, భర్త సూరత్ మగ్గాల్లో పనికి పోయి ఉండగా, పక్కింటివాడు గోడ దూకి వచ్చాడని చెప్పుకోవాలంటే ఒడియా రాయగలవాణ్ని వెతుక్కోవాలి. 2011 జనాభా లెక్కల్లో ఒడిశా ఆడవాళ్ల అక్షరాస్యత 64 శాతం. తక్కిన 36 మందీ రాసి పట్రావాలంటే ఎవరి చేత్తో పట్రావాలి? వీధి చివర అర్జీలు రాసే ఆయన ఉంటాడు, లేదా వార్డులో కాస్త పలుకుబడిగల మనిషి ఉంటాడు. ఆ రెండోవాడు తరచు ఆ పక్కింటివాడికి బంధువై కూర్చుంటాడు.

సరే, రాసేవాడు దొరికాడనుకుందాం. ఆ ఆడమనిషి చెప్పిన మాట ఆ కాగితం మీద ఏమవుతుందో గమనించండి. ఆమె చెప్పేది ఇలా ఉంటుంది: "అన్నం వార్చుకుంటన్నాను బాబూ, పెరట్లో చప్పుడయింది, పిల్లి అనుకున్నాను, చూస్తే ఆడే, చేతిలో నా గొలుసుంది." నాలుగు ముక్కల్లో వేళ ఉంది, చోటు ఉంది, చీకటో వెలుతురో తేల్చడానికి దారి ఉంది, ముందు పొరబడి తరవాత గుర్తుపట్టిన నిజాయితీ ఉంది. అర్జీలో అదే సంగతి "శ్రీయుత ఐఐసీ (ఇన్‌స్పెక్టర్ ఇన్‌ఛార్జి) గారి దివ్యసముఖమునకు" అని మొదలై, సదరు నిందితుడు దురుద్దేశపూర్వకంగా అక్రమంగా గృహమునందు ప్రవేశించి బెదిరించి ఆభరణము అపహరించినట్టు సాగి, "తగు చర్య తీసుకొని న్యాయము చేయ ప్రార్థన" దగ్గర ఆగుతుంది. పిల్లి పోయింది, గంజి పోయింది. లేని బెదిరింపు ఒకటి వచ్చి చేరింది. రేపు కోర్టులో ప్రతివాది వకీలు పట్టుకునేది సరిగ్గా ఆ బెదిరింపునే. అప్పట్లో ఈ జిల్లాలోనే ఉన్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు, జనం మాట్లాడే భాషనే రాతలో పెట్టాలని జీవితమంతా పోట్లాడారు. పత్రికలు లొంగాయి, పాఠ్యపుస్తకాలు ఆలస్యంగానైనా లొంగాయి. ఠాణా గుమ్మం దాకా మాత్రం ఆ ఉద్యమం ఇంకా రాలేదు.

దీనికి పోలీసువారి జవాబు తెలిసిందే. మేము రాసుకుంటే రేపు కోర్టులో నేనలా చెప్పలేదంటారు, సొంత దస్తూరీ అయితే తప్పించుకోలేరు. వినడానికి బాగుంది. కానీ ఆ దస్తూరీ ఎవరిది? చాలావరకు అర్జీదారు సొంతం కాదని ఠాణాలో అందరికీ తెలుసు. అందుకే విచారణలో అర్జీ రాసిన మనిషిని కూడా సాక్షిగా పిలవడం మామూలు. ఒక నోటిని నమ్మలేక ఇద్దరు సాక్షుల్ని తయారుచేసుకున్నారన్నమాట. పైగా ఎదురు తిరుగుతారన్న భయానికే చట్టం చదివి వినిపించమంది, సంతకమో వేలిముద్రో తీసుకోమంది. వాంగ్మూలాన్ని ఆడియో వీడియోలో రికార్డు చేసుకునే వీలు 2009 చివరినుంచీ ఉంది. చేతిలో కెమెరా ఉండి, జేబులో కెమెరా ఉండి, గోడమీద కెమెరా ఉండి, సాక్ష్యం కోసం బాల్‌పెన్నును నమ్ముకోవడం భక్తి అనిపించుకుంటుంది గాని జాగ్రత్త అనిపించుకోదు.

ఇక్కడ నిజంగా ఆలోచించదగ్గ అభ్యంతరం ఒకటుంది. ఠాణావాళ్లకే రాత అప్పగిస్తే వాళ్ల రాత మాత్రం మెరుగ్గా ఉంటుందా? ఉండదు. 2025లో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం ఒక కేసు కాగితాలు తిరగేస్తే, వేరువేరు సాక్షులు చెప్పిన వాంగ్మూలాలు పేరాలకు పేరాలు ఒకే మాటతో మొదలై ఒకే మాటతో ముగిశాయి. ఆ వ్యవహారాన్ని కోర్టు తనంతట తానే విచారణకు తీసుకోవలసి వచ్చింది. కలం రోజుల్లో అబద్ధం రాయాలన్నా ప్రతి అక్షరం చెయ్యి నొప్పిపెట్టేలా రాయాలి. కాపీ, పేస్టు వచ్చాక ఆ కష్టం తీరిపోయింది. అయినా ఇది నా వాదనకు గండి కొట్టదు. సాక్షి నోరు మూయించి ముందే కొట్టి ఉంచిన పేరా అతికించడం, ఫిర్యాదుదారు నోరు మూయించి బయట రాయించిన కాగితం తీసుకోవడం ఒక్క తానులో ముక్కలే. రెండుచోట్లా ఎగ్గొట్టింది వినే పనిని. పాత కలమే బంగారమని నేననడం లేదు. పాముకాటుకు చనిపోయిన మనిషి కుటుంబం పరిహారం కోసం తిరిగిన కేసులో పోస్టుమార్టం నివేదిక చదవలేక తలపట్టుకున్న ఒరిస్సా హైకోర్టు, డాక్టర్లు పెద్ద అక్షరాల్లో గాని టైపులో గాని రాసేలా చూడమని 2024 జనవరిలో రాష్ట్రప్రభుత్వాన్ని ఆదేశించింది. అందమైన దస్తూరీల స్వర్ణయుగం ఎవరి కలలోనో ఉంటే ఉండవచ్చు. మన కరణాల గొలుసుకట్టు రాత కరణం తప్ప ఇంకొకరు చదవకుండా ఉండటానికే పుట్టిందేమో అనిపిస్తుంది.

సిబ్బంది లేరంటారు. ఇది ఒప్పుకోవలసిందే. రెండేళ్లకోసారి బరంపురంలో బుఢీ ఠాకురాణి యాత్ర మొదలైతే నెలరోజుల పాటు నగరమంతా వీధుల్లోనే ఉంటుంది, పోలీసులూ వీధుల్లోనే ఉంటారు. చైత్రంలో తారాతారిణి కొండ దగ్గర జాతర, మధ్యలో మంత్రుల పర్యటనలు, ఎన్నికలు. కూర్చుని తీరుబడిగా వినేవాడు ఏడీ? కానీ మనుషులు తక్కువైనప్పుడే కదా యంత్రం అక్కరకు రావాలి. చదువురాని కూరగాయలమ్మ కూడా ఫోనులో మైకు బొమ్మ నొక్కి తెలుగులో మాట్లాడి పాట వెతుక్కుంటోంది. మాటను రాతగా, ఒక భాషను ఇంకో భాషగా మార్చడానికి కేంద్రమే 2022లో 'భాషిణి' తెచ్చింది. అందులో తెలుగూ ఉంది, ఒడియా కూడా ఉంది. యంత్రం తప్పులు చేస్తుంది, గొలుసును గోల్సు అంటుంది, పేర్లను ఖూనీ చేస్తుంది. చదివి వినిపించమన్న నిబంధన ఉన్నది ఆ తప్పులు పట్టుకోవడానికే. తెలుగు తప్ప రాని మనిషికి తెలుగులో తిరిగి వినిపించగల కానిస్టేబులు బరంపురంలో దొరకడని ఎవరైనా అంటే, ఆ మాట బరంపురంలో అనకుండా ఉంటే మంచిది.

మరి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేసుకోవచ్చు కదా అని చదువుకున్నవాళ్లు అంటారు. చేసుకోవచ్చు. కొత్త సంహిత అందుకు వీలిచ్చింది, మూడు రోజుల్లో వచ్చి సంతకం పెడితేనే నమోదు చేస్తారన్న షరతుతో. చరవాణి చేతిలో ఉండి, ఇంగ్లీషు గళ్లు నింపగలిగి, ఓటీపీ వచ్చేదాకా నెట్‌వర్కు నిలబడేవాళ్లకు అది ఉపకారమే. తక్కినవాళ్లకు అర్జీ రాసే ఆయన స్థానంలో జనసేవా కేంద్రం కుర్రాడు వచ్చాడు. రుసుము మాత్రం పెరిగింది.

ఇన్ని అభ్యంతరాలకూ అడుగున ఉన్న అసలు సంగతి ఎవరూ పైకి అనరు. రాసి పట్రమ్మనడం ఒక జల్లెడ. నోటిమాట విని ఠాణా రాస్తే అది ఠాణా పుస్తకంలోకి ఎక్కుతుంది, నంబరు పడుతుంది, నెలాఖరు లెక్కలో ఒక నేరం పెరుగుతుంది. బయటినుంచి వచ్చిన కాగితం అలా కాదు. "పెట్టి వెళ్లండి, చూస్తాం" అనొచ్చు. ఫలానా మాట లేదు, మళ్లీ రాయించండి అని తిప్పి పంపొచ్చు. సొరుగులో పడేసి ఇరుపక్షాల్నీ పిలిచి రాజీ కుదర్చొచ్చు. రెండుసార్లు తిప్పితే పదిమందిలో కొందరు మళ్లీ రారు, ఆ కొందరు ఏ గణాంకంలోనూ ఉండరు. అరెస్టు చేయదగిన నేరం జరిగినట్టు సమాచారంలో కనబడితే ఎఫ్ఐఆర్ కట్టితీరాలని 2013 నవంబరులో లలితకుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. సమాచారం అంది గాని అందమైన అర్జీ అనలేదు.

నోటిమాటకే కేసు కడితే అబద్ధపు ఫిర్యాదులు వెల్లువెత్తుతాయన్నది ఆఖరి బాణం. తప్పుడు సమాచారమివ్వడం నేరమే, శిక్ష భారతీయ న్యాయ సంహితలోనే ఉంది. పైగా పక్కవాడి మీద అబద్ధం కేసు పెట్టాలనుకున్నవాడు ఉత్త చేతులతో రాడు, వకీలుచేత సెక్షన్లతో సహా టైపు కొట్టించుకుని మూడు ప్రతులు తెస్తాడు. రాసి పట్రమ్మంటే అడ్డం పడేది అతనికి కాదు. గొలుసు పోయినామె ఇంకా జిరాక్సు దుకాణం దగ్గరే ఉంది. ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలని ఆ 173వ సెక్షన్‌లోనే ఇంకో వాక్యం ఉంది. దానికి కూడా ఆ దుకాణానికే వెళ్లి జిరాక్సు తీయించుకోమంటారు.