తీసివేత

2020 ఏప్రిల్. లాక్‌డౌన్‌తో బడులు మూతపడ్డాయి. పదో తరగతి పాఠాలు దూరదర్శన్ సప్తగిరిలో వస్తాయన్నారు. ఓబులదేవరచెరువులో పదో తరగతి చదివే ఆ పిల్ల ఇంట్లో మాత్రం తెర మీద ‘నో సిగ్నల్’. తమ్ముడు రిమోటుతో ఆడుతూ సెట్‌టాప్ బాక్సును ఫ్యాక్టరీ రీసెట్ చేసేశాడు. కదిరి నుంచి మెకానిక్ వచ్చే దారి లేదు.

మిద్దెక్కి చూసింది. డిష్ కదల్లేదు. దిగొచ్చి మెనూ తెరిస్తే ఎల్‌ఎన్‌బీ ఫ్రీక్వెన్సీ దగ్గర 5150 అని ఉంది. అది పెద్ద డిష్షుల సీ-బ్యాండు లెక్క. వీళ్లది కేయూ-బ్యాండు చిన్న డిష్.

జీశాట్-15 ఉపగ్రహం నుంచి దూరదర్శన్ ఫ్రీ డిష్ ఛానళ్లు 11090 మెగాహెర్ట్జ్ వంటి ఫ్రీక్వెన్సీల్లో దిగుతాయి. అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీ మామూలు కేబుల్లో నాలుగు గజాలు పోయేసరికే నీరసిస్తుంది. అందుకే డిష్ ముందున్న ఎల్‌ఎన్‌బీ అందులోంచి 9750 తీసేసి, మిగిలిన 1340ని కిందికి పంపుతుంది. ఎంత తీసిందో బాక్సుకు మనమే చెప్పాలి. 5150 అని చెబితే అది 5940 దగ్గర వెతకాలి. బాక్సుకు అందేది 2150 లోపే. ఈ లెక్క తెలియకే ఎందరో బాగున్న డిష్షును అటూ ఇటూ తిప్పి పాడుచేసుకుంటారు.

పోయినసారి మెకానిక్ వచ్చినప్పుడు పక్కనే నిలబడి ఇవన్నీ అడిగి తెలుసుకున్న పిల్ల ఆమె. 9750-10600 పెట్టింది, 22 కిలోహెర్ట్జ్ ఆటోలో ఉంచింది. క్వాలిటీ గీత పచ్చగా నిండింది. లెక్కల పాఠం మొదలైంది.

ఆ సంగతి వీధంతా పాకింది. ఎవరింట్లో బొమ్మ రాకపోయినా ఆ పిల్లకే పిలుపు.

“పది పాసైతే పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చేరతా నాయనా” అందొకరోజు. నాయన సరేననలేదు, కాదనలేదు.

మర్నాడు మేనత్త ఇంట్లో పిలిచారు. నాయన కూడా వచ్చి మంచం మీద కూచున్నాడు. పది నిమిషాల్లో బొమ్మొచ్చింది. మేనత్త మురిసిపోయి వంద రూపాయల నోటు పిల్ల చేతిలో పెట్టింది. పాలిటెక్నిక్ ఎంట్రన్సు పుస్తకానికి పనికొస్తుందని ఆ పిల్ల దాన్ని మడిచి పట్టుకుంది.

నాయన లేచి, ఆ నోటు తీసుకుని మేనత్తకు తిరిగిచ్చేశాడు.

“డబ్బులెందుకక్కా? వచ్చే నెల నుంచి ఈ ఇంటి పిల్లే గదా!”